డ్రాగన్ బాల్ జెడ్ మొత్తం 291 ఎపిసోడ్లను డిస్కుల మీద సేకరించడం ఎలా?

మా ఇంటి అద్దాల బీరువాలో వరుసగా పేర్చి ఉన్న నారింజ రంగు డబ్బాలను చూసినవారు ముందు నవ్వుతారు, ఆ తరువాత ఇవి ఎక్కడ దొరికాయని అడుగుతారు, వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి మన ప్లేయర్‌లో ఇవి ప్లే అవుతాయా అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు జవాబు రెండు మాటల్లో చెప్పవచ్చు. రెండోదానికి జవాబు తెలియకపోవడం వల్లనే నేను తెప్పించుకున్న తొలి బ్లూ-రే సెట్ ఎనిమిది నెలల పాటు సీలు విప్పినా చూడలేని స్థితిలో బీరువాలో పడి ఉంది. ఆ రెండు ప్రశ్నలకు పదేపదే నోటితో చెబుతున్న జవాబును ఒకసారి రాసి ఉంచడం మేలనిపించింది.

ఉదాహరణకు జపాన్ యానిమేషన్ సిరీస్ (యానిమే) అయిన డ్రాగన్ బాల్ జెడ్‌ను తీసుకున్నాను. ఈ సిరీస్ ఎన్నో ఎడిషన్లుగా వచ్చింది కాబట్టి పొరపాటు పడడానికి ఇందులో ఉన్నన్ని దారులు మరే సిరీస్‌లోనూ ఉండవు. ఇక్కడ చెప్పే పద్ధతి మీకు నచ్చిన మరే యాక్షన్ యానిమేకైనా పనికివస్తుంది.

స్ట్రీమింగ్‌లో ఉండగా డిస్కులెందుకని అడిగేవారికి ఒక్క విషయం చెప్పి ముందుకు సాగుతాను. ఈ సిరీస్ డిస్కులను అమెరికాలో విడుదల చేసిన ఫ్యూనిమేషన్ సంస్థ స్ట్రీమింగ్ సేవ 2024 ఏప్రిల్ 2న మూతపడింది. ఆ సంస్థ డిస్కులతో పాటు కోడ్ రూపంలో ఇచ్చిన డిజిటల్ కాపీలు కూడా దానితోనే పోయాయి, డిస్కులు మాత్రం కొన్నవారి ఇళ్లలోనే ఉన్నాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- అన్ని రీజియన్ల (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో నడవాలో నిర్ణయించే విభాగాల) డీవీడీలను, బ్లూ-రేలను చదవగల ప్లేయర్, లేదా కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవ్
- హెచ్‌డీఎంఐ కేబుల్, టీవీ రిమోట్ (చిత్రం ఆకారం మార్చే బటన్ ఎక్కడుందో తెలిసి ఉండాలి)
- ఒక లెక్కల పుస్తకం, లేదా ఫోన్‌లో ఒక షీట్
- మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ, ఫోన్ టార్చి
- కొరియర్ వారు అడిగినప్పుడు చూపడానికి మీ గుర్తింపు పత్రం
- ఓపిక. ఇది బజారులో దొరకదు కానీ అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది ఇదే.

1. ఎన్ని ఎపిసోడ్లో ముందు లెక్క తేల్చుకోండి

డ్రాగన్ బాల్ జెడ్ జపాన్‌లో 1989 ఏప్రిల్ 26 నుంచి 1996 జనవరి 31 వరకు ప్రసారమైంది. మొత్తం 291 ఎపిసోడ్లు. దీనికి ముందు వచ్చిన డ్రాగన్ బాల్ 153, తరువాత వచ్చిన జీటీ 64, 2015లో మొదలైన సూపర్ 131. వీటిలో మీకు ఏది కావాలో, ఎంతవరకు కావాలో ముందే నిర్ణయించుకుని పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. “అన్నీ” అనే మాట రాయకండి, అంకె రాయండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు డబ్బింగ్ మొదటిసారి టీవీకి వెళ్లినప్పుడు మొదటి 67 ఎపిసోడ్లను కత్తిరించి 53గా కుదించారు. అందువల్ల పాత ఇంగ్లీషు జాబితాలో 54వది అంటే అసలు లెక్కలో 68వది. పాత విడి డీవీడీలు కొనేటప్పుడు అమ్మేవారు ఏ లెక్క ప్రకారం అంకె చెబుతున్నారో అడగండి. అంకె కంటే ఎపిసోడ్ పేరు అడిగి తీసుకోవడం క్షేమం.

మొదటిసారి సేకరించేవారికి నా సలహా వేరు. 291 ఎపిసోడ్ల పని నెత్తిన పెట్టుకునే ముందు 26 ఎపిసోడ్ల కౌబాయ్ బీబాప్ వంటి చిన్న సిరీస్‌తో, లేదా 64 ఎపిసోడ్ల ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్‌తో మొదలుపెట్టండి. ఒక్క డబ్బా తెప్పించి, పరీక్షించి, భద్రపరచిన అనుభవం వచ్చాక పెద్దదాని జోలికి వెళ్లవచ్చు. ఈ సలహా నేను పాటించలేదు.

2. ఎడిషన్ ఎంచుకోండి, ఆ తరువాత మార్చకండి

ఈ వ్యాసంలో ముఖ్యమైన మెట్టు ఇదే. ధర చూసి ఎడిషన్ ఎంచుకునేవారు రెండుసార్లు కొంటారు.

అమెరికాలో వచ్చిన సెట్లలో మనవాళ్ల చేతికి ఎక్కువగా చిక్కేవి నారింజ రంగు డీవీడీ సీజన్ సెట్లు. ఇవి 2007లో మొదలై తొమ్మిది డబ్బాలుగా వచ్చాయి, పాత సరుకులో ఇప్పటికీ విరివిగా కనిపిస్తాయి. వీటి లోపం చిత్రంలో ఉంది. ఈ సిరీస్‌ను 4:3 ఆకారంలో, అంటే పాత పెట్టె టీవీ ఆకారంలో తీశారు. ఈ సెట్లలో దాన్ని వెడల్పు టీవీకి సరిపోయేలా 16:9గా మార్చారు. 4:3 బొమ్మను 16:9లో నింపాలంటే లెక్క ప్రకారం పైనా కిందా కలిపి ఎత్తులో నాలుగో వంతు పోవాలి. మాటల సన్నివేశాల్లో ఇది పెద్దగా తెలియదు. పోరాటం మొదలై కథానాయకుడు గోకు గాలిలోకి లేచినప్పుడు జుట్టు పైభాగం తెర అంచుకు తెగిపోతుంది, నేల మీద నిలబడినవాడి పాదాలు కనిపించవు. యాక్షన్ కోసం కొనేవారికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది డ్రాగన్ బాక్స్. జపాన్‌లో 2003లో వచ్చిన పెట్టెల ఆధారంగా అమెరికాలో 2009 నుంచి 2011 వరకు ఏడు పెట్టెలుగా విడుదలైంది. ఇది డీవీడీయే, అయితే చిత్రం పూర్తి 4:3లో ఉంటుంది, రంగులు సహజంగా ఉంటాయి. ముద్రణ ఎప్పుడో ఆగిపోయింది కనుక పాత సరుకుగానే దొరుకుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

బ్లూ-రేలో 2011లో లెవెల్ సెట్లు అనే పేరుతో మంచి ప్రయత్నం మొదలైంది కానీ రెండు సెట్లతోనే ఆగిపోయింది. ఆ రెండిటినీ ఎవరైనా మురిపిస్తూ చూపించినా కొనకండి, సిరీస్ పూర్తికాదు. 2013 నుంచి వచ్చిన బ్లూ-రే సీజన్ సెట్లు మళ్లీ 16:9కి కత్తిరించినవే. 2019లో 30 ఏళ్ల సందర్భంగా వచ్చిన బ్లూ-రే పెట్టె 4:3లో ఉంది, 291 ఎపిసోడ్లూ ఒకేచోట ఉన్నాయి. అయితే ఫిల్ము వల్ల చిత్రంలో సహజంగా కనిపించే సన్నని రేణువులను తుడిచివేసే పని మోతాదు మించి చేయడం వల్ల బొమ్మ మైనం పూసినట్లు నున్నగా కనిపిస్తుంది. ఇది కొందరికి నచ్చుతుంది, నాకు నచ్చదు.

కథ త్వరగా నడవాలనుకునేవారికి ఇంకొక దారి ఉంది. 2009లో, ఇరవై ఏళ్ల సందర్భంగా, మూల కథకు దగ్గరగా కుదించి తీసిన డ్రాగన్ బాల్ కై అంతర్జాతీయ రూపంలో 167 ఎపిసోడ్లతో పూర్తవుతుంది. డబ్బూ, అల్మరా చోటూ తక్కువగా ఉన్నవారు నిస్సంకోచంగా దీన్నే తీసుకోవచ్చు.

ఎడిషన్లు కలిపితే ఏమవుతుందో ఈ లెక్క చూడండి. నారింజ సెట్లలో మొదటి సీజన్ 1 నుంచి 39, రెండోది 40 నుంచి 74, మూడోది 75 నుంచి 107 వరకు. డ్రాగన్ బాక్సులు ఒక్కొక్కటి 42 ఎపిసోడ్ల చొప్పున ఉంటాయి, ఏడోది మాత్రం 39. మీ దగ్గర మూడు నారింజ సెట్లు ఉన్నాయనుకోండి. మనసు మారి మూడో డ్రాగన్ బాక్స్ కొంటే అందులో 85 నుంచి 126 వరకు ఉంటాయి, అంటే 85 నుంచి 107 వరకు 23 ఎపిసోడ్లకు రెండోసారి డబ్బు కట్టినట్లే. దాన్ని వదిలి 127తో మొదలయ్యే నాలుగోదానికి పోతే 108 నుంచి 126 వరకు 19 ఎపిసోడ్లు మీ దగ్గర ఉండనే ఉండవు. నేను నాలుగోదానికే పోయాను. విలన్ ఫ్రీజాతో పోరు ముగిసిన చోటు నుంచి ఆండ్రాయిడ్లు వచ్చిన చోటికి ఒక్క గంతులో దూకిన సేకరణతో ఏడాది గడిపాను.

శబ్దం సంగతి కూడా ఈ మెట్టులోనే చూసుకోండి. నారింజ సెట్లలో జపనీస్ మాటలు, జపనీస్ సంగీతంతో ఇంగ్లీషు, అమెరికా టీవీ సంగీతంతో ఇంగ్లీషు అని మూడు రకాలు ఉంటాయి. చిన్నప్పుడు టీవీలో విన్న ఆ ఎలక్ట్రిక్ గిటారు వాద్యమే కావాలనుకునేవారు మూడోది ఉందో లేదో డబ్బా వెనుక చదివి కొనాలి. జపనీస్‌లో షున్‌సుకే కికుచి సంగీతం పూర్తిగా వేరు. తెలుగు డబ్బింగ్ ఉంటుందా అని చాలామంది అడుగుతారు. అమెరికా, జపాన్ డిస్కుల్లో తెలుగు ఉండదు. తెలుగులో చూడాలనుకుంటే టీవీ, స్ట్రీమింగ్ మీదే ఆధారపడాలి. ఆ ఆశతో డిస్కులు కొనకండి.

3. రీజియన్ చూసి ప్లేయర్ సిద్ధం చేసుకోండి

డిస్కు కొనకముందే ఈ పని పూర్తి కావాలి. డీవీడీల్లో మన దేశం 5వ రీజియన్. అమెరికా 1, జపాన్, బ్రిటన్ 2, ఆస్ట్రేలియా 4. బ్లూ-రేల్లో మనది సి. అమెరికా, జపాన్ ఎ. బ్రిటన్, ఆస్ట్రేలియా బి. యానిమే సిరీస్‌లు అధికారికంగా మన దేశపు డిస్కులుగా దొరకడం బహు అరుదు కాబట్టి మీరు కొనేదంతా బయటి సరుకే, ఇక్కడ మామూలుగా అమ్మే ప్లేయర్ దాన్ని నిరాకరించే అవకాశమే ఎక్కువ. కొన్ని డిస్కులకు రీజియన్ తాళం ఉండదు. డబ్బా వెనుక భూగోళం గుర్తు లోపల ఎ, బి, సి మూడూ ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ అనేదే లేదు.

ప్లేయర్ విషయంలో అందరూ పడే గోతిలో నేనూ పడ్డాను. నగరంలోనే ఒక దుకాణంలో “అన్నా, ఆల్ రీజియన్ అన్నా ఇది, ఏదేసినా నడుస్తది” అన్న మాట నమ్మి ప్లేయర్ తెచ్చుకున్నాను. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, డీవీడీలన్నీ నడిచాయి. బ్లూ-రే పెట్టగానే నల్లని తెర మీద రీజియన్ కోడ్ సరిపోలేదన్న ఒక్క వాక్యం కనిపించింది. “ఆల్ రీజియన్” అని అమ్మే బ్లూ-రే ప్లేయర్లలో చాలావాటికి డీవీడీ తాళం మాత్రమే తీసి ఉంటారు. కాబట్టి డీవీడీ సంగతి, బ్లూ-రే సంగతి విడివిడిగా అడగండి. అడగడంతో ఆగకుండా 1వ రీజియన్ డీవీడీ ఒకటి, ఎ రీజియన్ తాళం ఉన్న బ్లూ-రే ఒకటి వెంట తీసుకెళ్లి కౌంటరు మీదే పెట్టి చూపించమనండి. కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల దుకాణాల్లో అడిగితే పెట్టి చూపిస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. డిస్కులు మీ దగ్గర ఇంకా లేకపోతే ఉన్నవారి దగ్గర అరువు తీసుకోండి.

ప్లేయర్‌ను అమెరికా నుంచి తెప్పించేవారు వెనుకవైపు అంటించిన లేబుల్ చదవాలి. 100 నుంచి 240 వోల్టుల వరకు అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. తాళం తీసిన ప్లేయర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకండి, తాళం మళ్లీ పడే ప్రమాదం ఉంది.

కంప్యూటర్ దారి ఇంకొకటి. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల అడిగితే యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవ్‌లు తెప్పించి ఇచ్చేవారు దొరుకుతారు. దీనిలో ఒక జాగ్రత్త ఉంది. డీవీడీ రీజియన్‌ను డ్రైవ్ ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తుంది, ఐదోసారి ఎక్కడ ఆగితే అక్కడే శాశ్వతంగా నిలిచిపోతుంది. డ్రైవ్ చేతికి వచ్చిన ఉత్సాహంలో ఒక్కో డిస్కుకు ఒక్కో రీజియన్ మారుస్తూ పోకండి. ఒకసారి 1కి మార్చి వదిలేయండి. ఇంట్లో గేమింగ్ కన్సోల్ ఉంటే అది చాలనుకోకండి, ఇక్కడ కొన్న కన్సోల్ ఇక్కడి రీజియన్‌నే పాటిస్తుంది.

ఒక్కో దేశం వాడిన టీవీ చిత్ర పద్ధతులైన పాల్, ఎన్‌టీఎస్‌సీల తేడా గురించి పాతవారు భయపెడతారు. హెచ్‌డీఎంఐ ఉన్న ఇప్పటి టీవీలు మన దేశంలో రెండిటినీ చూపిస్తాయి. దాని గురించి ఆలోచించనవసరం లేదు.

4. కొని తెప్పించుకోండి

మూడు దారులున్నాయి. విదేశీ అమ్మకందారు నుంచి నేరుగా తెప్పించుకోవడం మొదటిది. డిస్కు ధర, రవాణా, కస్టమ్స్ సుంకం మూడూ కలిపి లెక్క కట్టిన తరువాతే నిర్ణయానికి రండి, ఎందుకంటే పాత నారింజ సెట్ల విషయంలో రవాణా ఖర్చు డిస్కు ధరను మించడం సాధారణం. పెట్టె మీద బహుమతి అని రాసి పంపమని అమ్మేవారిని కోరకండి. 5,000 రూపాయల లోపు బహుమతులకు ఉండిన మినహాయింపును 2019 డిసెంబరులో రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప తీసివేశారు; పైగా తప్పుడు వివరం రాయించిన పార్సిల్ ఆగిపోతే జవాబు చెప్పుకోవలసింది మీరే. కొనుగోలు బిల్లు ఫోన్‌లో ఉంచుకోండి, కొరియర్ వారు గుర్తింపు పత్రాలు అడిగితే ఆలస్యం చేయకుండా పంపండి.

రెండోది మన ఊరికి బాగా అలవాటైన దారి. హైదరాబాద్‌లో అమెరికాలో బంధువులు లేని ఇల్లు వెతకాలి. సెట్‌ను వారి ఇంటికి తెప్పించి, డిసెంబరు సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనండి. డాలస్‌లోని మా బావమరిది మూడు పెట్టెలు ఇలాగే తెచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ ఖాళీలోకి ఆవకాయ జాడీలు వెళ్లాయి కనుక ఇరువైపులా న్యాయం జరిగింది. ఇక్కడ చేయవలసినవి రెండు. పెట్టె వారి ఇంటికి చేరగానే విప్పి డిస్కుల సంఖ్య సరిచూడమని చెప్పండి, ఎందుకంటే వాపసు గడువు మీ చేతికి వచ్చేలోపే ముగిసిపోతుంది. సూట్‌కేసులో మధ్యన, చుట్టూ బట్టలు ఉండేలా సర్దమనండి. అంచున పెడితే డబ్బా మూలలు నలుగుతాయి, లోపలి పళ్లు విరిగి డిస్కులు ఊడి ఒకదానికొకటి రాసుకుంటాయి.

మూడోది ఊళ్లో వెతకడం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల మధ్య అప్పుడప్పుడు డిస్కులు కనిపిస్తాయి. హైటెక్స్‌లో కామిక్స్, యానిమే అభిమానుల మేళా అయిన కామిక్ కాన్ జరిగినప్పుడు సేకరించేవారు ఒకచోట కలుస్తారు, మార్పిడికి మనుషులు దొరుకుతారు. దీనిని అదృష్టంగా భావించండి, ప్రణాళికగా కాదు.

5. నకిలీని గుర్తుపట్టండి

అనుమానించవలసిన మొదటి లక్షణం డిస్కుల సంఖ్య. ఒక డీవీడీలో, రెండు పొరలు వాడినా, 8.5 జీబీకి మించి పట్టదు. సక్రమమైన సెట్లలో ఒక డీవీడీకి ఆరేడు ఎపిసోడ్లు ఉంటాయి. ఒకే డీవీడీలో పదిహేను, ఇరవై కుక్కి 291 మొత్తాన్ని పలచని పెట్టెలో అమ్ముతున్నారంటే అది నకిలీ, లేదా చూడడానికి పనికిరాని చిత్రం, చాలాసార్లు రెండూ.

డిస్కును వెనక్కి తిప్పి ట్యూబ్‌లైట్ కింద పట్టుకోండి. కర్మాగారంలో అచ్చు వేసిన డీవీడీ వెండిలా, లేదా రెండు పొరలుంటే కొంచెం బంగారు ఛాయతో మెరుస్తుంది. ఊదా, నీలం రంగు కనిపిస్తే అది ఇంట్లో కాల్చిన డిస్కు. ఈ పరీక్ష డీవీడీలకే, బ్లూ-రేల అడుగు సహజంగానే ముదురు రంగులో ఉంటుంది. తరువాత మధ్యలోని రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయాన్ని వెలుతురుకు ఏటవాలుగా వంచి చూడండి. ఐఎఫ్‌పీఐ (IFPI) అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన చిన్న సంకేతం, చీమ తలంత పరిమాణంలో చెక్కి ఉంటాయి. నాకు ఇప్పుడు కళ్లజోడు తీసి డిస్కును ముక్కుకు ఆనించుకుంటే గాని అవి కనిపించవు. అవి ఉన్నంతమాత్రాన అసలుదని పూర్తిగా నిర్ధారించలేము, లేకపోతే మాత్రం గట్టిగా అనుమానించవలసిందే. ఆన్‌లైన్‌లో పాత సరుకు కొనేటప్పుడు డిస్కు వెనుకభాగం, లోపలి వలయం రెండిటి ఫొటోలు అడగండి. పంపడానికి సాకులు చెప్పేవారి దగ్గర కొనకండి.

6. వచ్చిన రోజే పరీక్షించండి

సీలు విప్పడానికి మనసొప్పదని అట్టే పెట్టుకునేవారు ఉన్నారు. వారు ఏడాది తరువాత విప్పి నాలుగో డిస్కు స్థానంలో రెండోది రెండుసార్లు ఉందని తెలుసుకుంటారు. విప్పండి.

ముందు ప్రతి డిస్కు మీద సంఖ్య చూసి పుస్తకంలో టిక్కు పెట్టండి. తరువాత ఫోన్ టార్చిని డిస్కు వెనుక పెట్టి చూడండి. సూదితో పొడిచినట్లు వెలుతురు చుక్కలు కనిపిస్తే లోహపు పొర దెబ్బతింటోందని అర్థం. రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. పగులు ఉన్న డిస్కును ప్లేయర్‌లో పెట్టకండి, తిరిగే వేగానికి విరిగి ప్లేయర్‌ను కూడా పాడుచేయగలదు.

ఆ తరువాత ప్రతి డిస్కునూ ప్లే చేయండి, మొత్తం చూడనవసరం లేదు. మొదటి ఎపిసోడ్ ఆరంభంలో రెండు నిమిషాలు, మధ్య ఎపిసోడ్‌లో రెండు నిమిషాలు, చివరి ఎపిసోడ్ ముగింపులో ఐదు నిమిషాలు చూస్తే చాలు. డిస్కును లోపలి నుంచి బయటికి చదువుతారు. రెండు పొరల డీవీడీలో మొదటి పొర బయటి అంచు వరకు వెళ్లి, రెండో పొర అక్కడి నుంచి వెనక్కి వస్తుంది. వేలిముద్రలు, గీతలు ఎక్కువగా పడేది బయటి అంచునే కాబట్టి లోపం ఒక్క పొర డిస్కులో చివరి ఎపిసోడ్లలో, రెండు పొరల డీవీడీలో మధ్య ఎపిసోడ్లలో బయటపడుతుంది. మధ్యలో ఒకేఒక్క చోట చిత్రం క్షణం పాటు ఆగి సాగితే అది పొర మారిన చోటు, లోపం కాదు. చిత్రం చతురస్రాలుగా చెదిరితే, మాట తెగితే లోపమే.

ఇప్పుడు చిత్రం ఆకారం. టీవీ రిమోట్‌తో జూమ్, స్ట్రెచ్ వంటివన్నీ తీసేసి అసలు ఆకారానికి పెట్టండి. 4:3 ఎడిషన్ అయితే తెరకు ఎడమ, కుడివైపుల నల్లని పట్టీలు కనిపించాలి. అవి కనిపించకపోతే రెండిటిలో ఒకటి: మీ టీవీ ఇంకా సాగదీస్తోంది, లేదా మీకు వచ్చింది కత్తిరించిన ఎడిషన్. తెరమీది ముఖాలు అడ్డంగా ఉబ్బినట్లుంటే మొదటిది, ముఖాలు సరిగా ఉండి తలలు తెగితే రెండోది. ఇంట్లో వారికి ఈ నల్లని పట్టీలు నచ్చవు. మా అమ్మ నేను లేనప్పుడల్లా రిమోట్ తీసుకుని తెర నింపేస్తుంది, అంత పెద్ద టీవీ కొని సగం ఖాళీగా వదిలేయడమేమిటని.

చివరగా సబ్‌టైటిళ్లు. జపనీస్ మాటలు పెట్టి చూసేటప్పుడు పాత్ర నోరు మెదపకపోయినా కింద వాక్యం వస్తుంటే, ఇంగ్లీషు డబ్బింగ్ మాటలనే సబ్‌టైటిళ్లుగా వేశారని అర్థం. అది మీకు అభ్యంతరమైతే వాపసు గడువులోపే నిర్ణయించుకోండి.

7. భద్రపరచండి

మన ఊళ్లో డిస్కులకు ఎండాకాలం పెద్ద పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు స్లాబు కింద గది రాత్రిపూట కూడా కాగుతూనే ఉంటుంది; అటక మీద, పడమటి గోడను ఆనుకున్న అల్మరాలో పెట్టకండి. పార్కు చేసిన కారులో ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచకండి. డబ్బాలను పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. వానాకాలం నెలల్లో అల్మరాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రపు గీత చదివే దారి వెంటే పడుతుంది కాబట్టి దానిని సరిదిద్దుకోవడం ప్లేయర్‌కు కష్టం. గీతలు పడిన డీవీడీని యంత్రంతో నునుపు చేయించవచ్చు, ఎందుకంటే సమాచారం ఉన్న పొర ప్లాస్టిక్‌లో 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో అది కేవలం 0.1 మిల్లీమీటరు లోతున ఉంటుంది. బ్లూ-రేను ఆ యంత్రంలో పెట్టించారంటే డిస్కు మీద ఆశ వదులుకోవలసిందే.

పుస్తకంలో ప్రతి సెట్‌కు ఒక వరుస కేటాయించి, ఎడిషన్, ఎపిసోడ్ల అంకెలు, రీజియన్, కొన్న తేదీ, పెట్టిన ఖర్చు, పరీక్షించిన డిస్కుల సంఖ్య రాయండి. ఎపిసోడ్ల గడిని కూడితే 291 రావాలి. ఎక్కువ వస్తే ఎక్కడో రెండుసార్లు కొన్నారు, తక్కువ వస్తే ఆ ఖాళీ ఎక్కడుందో ఆ వరుసల్లోనే కనిపిస్తుంది.

అదే వరుస చివర ఇంకొక గడి గీయండి, తీసుకున్నవారి పేరుకు. అడిగినవారికి ఒక్కసారి ఒక్క డిస్కు మాత్రమే, మామూలు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి, పెట్టె మొత్తం ఇవ్వకండి. నా ఐదో సీజన్ మూడో డిస్కు ప్రస్తుతం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది, ఆ గడిలో పేరు ఉంది, తేదీ రాయడం మరిచిపోయాను.